కనిపించని వెలుగు, అక్క దవడపన్ను

మా అక్క దవడపన్ను పీకేటప్పుడు ఆమెకు నొప్పి పుట్టిందా లేదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. అక్కకూ తేలలేదు. పన్ను పీకిన డాక్టరు లేదనే అంటాడు. వెలుగు పెట్టిన డాక్టరు కూడా లేదనే అంటాడు, కాకపోతే ఆ మాట అనేముందు ఆయన కొంచెం ఆగుతాడు. అందరం ఒకే గదిలో ఉన్నాం, అందరం ఒకే నోటివైపు చూశాం. అయినా ఎవరి జవాబు వారిదే అయింది.

నేను లెక్కలు వేసి బతికేవాణ్ణి. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు డిజైన్లు లెక్కగట్టి ఇస్తాను. ఎవరో ఒక బొమ్మ తెచ్చి ఇంత వెడల్పులో కావాలంటారు. ఆ బొమ్మ నిలువు పడుగు మీద ఎన్ని పోగుల్లో కూర్చుంటుందో, ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ రంగు నూలు ఎంత అద్దాలో గళ్ల కాగితం మీద తేలుస్తాను. ఎవరూ నేర్పలేదు. బడిలో లెక్కల పరీక్ష తప్పినవాణ్ణి. మగ్గం వెనక కూర్చుని చూసి చూసి పట్టుకున్న విద్య ఇది. నా లెక్క తప్పితే నెమలి ముక్కు పోయి అంచులో గుచ్చుకుంటుంది, దొరికిపోతాను. ఒప్పయితే నెమలి నెమలిలాగా ఉంటుంది. తప్పో ఒప్పో చివర్లో కంటికి కనిపిస్తుందన్న ధైర్యంతోనే ఇన్నేళ్లు ఈ పని చేశాను.

అక్క నాకంటే పెద్దది. మా వీధిలోనే ఉంటుంది. ఆమె, ఆమె తోడికోడలు వెడల్పాటి మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని ఒకే జంపఖానా నేస్తారు. ఒక సగం ఈమెది, ఒక సగం ఆమెది. అడ్డంగా పేక పోగులు వేసి, పళ్లున్న ఇనుప పంజాతో ఇద్దరూ కలిసి దిగగొడతారు. కొత్త డిజైన్ అయితే నేను వెనక కూర్చుని కాగితం చూస్తూ రంగులు చదువుతాను: మూడు నీలం, ఒకటి తెలుపు, ఐదు ఎరుపు. వాళ్లు వేస్తారు, కొడతారు. రెండు పంజాలు కలిసి పడుతున్నంతసేపూ అంతా సవ్యంగా ఉన్నట్టే. పోగు తెగినా, రంగు తప్పినా నోటితో చెప్పరు. ఒకరి చేయి ఆగుతుంది, అది చూసి రెండోవారి చేయి ఆగుతుంది, నా చదువూ ఆగుతుంది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను చేసిన పొరపాటు మగ్గం దగ్గర పుట్టి పెరిగినవాళ్లు తప్ప ఇంకొకరు చేయలేరు.

అక్కకు షుగర్ ఉంది. చిగుళ్లు వదులై కింది దవడలో వెనక పన్ను కదలడం మొదలైంది. చీము పట్టి చెంప వాచేది. మందులు వాడితే తగ్గేది, మళ్లీ వాచేది. ఒక పక్కనే నములుతూ, సగం తిని కంచం పక్కకు జరిపేది. హనుమకొండలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఈ పన్ను ఉంచితే చీము దవడ ఎముకలోకి పోతుందని, షుగర్ ఉన్న ఒంట్లో అది పెద్ద ఆపరేషన్ దాకా పోవచ్చని చెప్పాడు. వెంటనే పీకేయాలన్నాడు. అక్క సరేనంది. మత్తు సూది అనగానే కుర్చీలోంచి లేచింది.

దానికో వెనకటి కథ ఉంది. కొన్నేళ్ల క్రితం ఇంకో చోట ఇంకో పన్నుకు మత్తు సూది ఇచ్చినప్పుడు, గుండె దడదడలాడి, చెమటలు పోసి, కళ్లు తేలేసింది. భయానికి అలా అయిందని అక్కడి డాక్టరు అన్నాడు. మందు పడలేదని బావ అన్నాడు. తర్వాత నేనే పట్టుబట్టి పెద్ద దవాఖానలో పరీక్ష చేయించాను. చేతి మీద మందు చుక్కలు పెట్టి చూసి, మందు ఈమెకు పడుతుందని కాగితం రాసిచ్చారు. నాకు ఆ కాగితం మీద నమ్మకం కుదిరింది. అక్కకు కుదరలేదు.

"కాయితానికేం తెలుసురా? గా కుర్చీల పడ్డది కాయితమా, నేనా?" అంది.

సూది లేకుండా పట్టుకారు ముట్టనని డాక్టరు. ముట్టొద్దని అక్క. ఇద్దరి మధ్యా నేను. మెట్లు దిగి వచ్చేశాం. వారం తిరగకముందే చెంప మళ్లీ వాచింది. ఈసారి వాపు దవడ కిందికి దిగింది. మందులకు ఈ వాపు తగ్గినా, మళ్లీ వచ్చే వాపు తగ్గుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

లేజర్ మాట ఎత్తింది ఆ పళ్ల డాక్టరే. తనకు తెలిసిన ఒక డాక్టరు ఆక్యుపంక్చర్ చేస్తాడని, సూదులు గుచ్చకుండా అవే చోట్ల లేజర్ వెలుగు పెడతాడని, ఎక్కువగా మోకాళ్లకు, మెడలకు చేస్తాడని, పన్ను పీకేటప్పుడు కూడా కొందరికి పెట్టి చూశామని ఫోన్‌లో చెప్పాడు. మత్తు సూదితో సమానమని మాత్రం తాను అననన్నాడు. కొందరికి పనిచేసినట్టుంది, కొందరికి లేదు. ఎలాగూ పన్ను వదులుగా ఉంది, వాపు తగ్గాక చూద్దాం, నొప్పి అంటే ఆ క్షణమే ఆపేస్తాం అన్నాడు. అక్కకు ఇవేవీ పట్టలేదు. సూది ఉండదన్న ఒక్క మాట విని ఒప్పేసుకుంది.

నేను అలా ఒప్పుకునేవాణ్ణి కాదు. ముందు ఒక్కణ్ణే వెళ్లి ఆ లేజర్ డాక్టర్ను కలిశాను. ఓపికగల మనిషి. పెన్నులా ఉన్న పరికరం చూపించాడు. ఎంత వెలుగు పెడతారు సార్ అని అడిగితే, వెలుగు బలాన్ని అది పెట్టిన సేపుతో గుణిస్తే ఒంట్లోకి వెళ్లిన శక్తి ఎంతో వస్తుందని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గుణకారమే కదా. కాగితం అడిగి అక్కడే గుణించాను. ఆయన సరిగ్గా ఉందన్నాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాను. ఆ శక్తి వెళ్లి ఏం చేస్తుంది? నరాల గురించి చెప్పాడు, ఒంట్లోనే నొప్పిని తగ్గించే పదార్థాలు ఊరతాయన్నాడు. కాలి వేళ్ల మధ్య కూడా వెలుగు పెడతానన్నాడు. అక్కడ పెడితే పంటికి ఎట్లా తెలుస్తుంది సార్ అన్నాను. గోడ మీద ఒంటినిండా చుక్కలున్న మనిషి బొమ్మను చూపించాడు. ఆ చుక్కల మధ్య దూరాల్లో ఏదైనా వరస దొరుకుతుందేమోనని నా కళ్లు వెతికాయి. దొరకలేదు.

"పూర్తిగా ఎవరికీ తెల్వదు," అన్నాడాయన చివరికి. ఆ మాట ఆయన మీద నమ్మకం పెంచింది, లేజర్ మీద తగ్గించింది. ఈ రెంటినీ కలిపి ఒక అంకె చేయడం నాకు రాలేదు.

వాపు తగ్గాక ఒక పొద్దున ఆటోలో వెళ్లాం. అక్క లేకపోతే తోడికోడలు ఒక్కతే ఆ మగ్గం మీద ఏమీ చేయలేదు కాబట్టి, ఆ రోజు మగ్గానికి సెలవు. గదిలోకి వెళ్లాక మొదటి చిక్కు అక్క చేతుల దగ్గర వచ్చింది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ మీద వెలుగు పెట్టాలని డాక్టరు చేయి తిప్పి చూశాడు. ముందు రోజు నల్ల నూలు అద్దడంతో మణికట్టు దాకా రంగు పట్టి ఉంది. నలుపు వెలుగును పైనే తాగేస్తుందని, లోపలికి పోనివ్వకపోగా చర్మం కాలుతుందని ఆయన చేతులు వదిలేశాడు. కాళ్ల దగ్గరికి వెళితే మెట్టెలు. వెండి మీద పడిన వెలుగు తిరిగి ఎవరి కంట్లోనైనా పడొచ్చు, తీసేయమన్నాడు.

"మీ బావ దుక్కలాగున్నడు. మెట్టెలెందుకు తీస్త?" అని అక్క నన్ను అడిగింది, డాక్టర్ను కాదు.

డాక్టరు నవ్వి, మెట్టెల మీద దూది పెట్టి ప్లాస్టర్ చుట్టాడు. దాంతో పెట్టాల్సిన చోటు సగం ప్లాస్టర్ కిందికి పోయింది. చెవుల కమ్మలు మాత్రం తీసి నా చేతిలో పెట్టింది. చివరికి వెలుగు పడింది రెండు చెవుల మీద, దవడ వెనక ఒక చోట, కాళ్ల మీద కాస్త పక్కకు. అనుకున్న చోట్లు కొన్నే మిగిలాయి, వాటిలోనూ కొన్ని పక్కకు జరిగాయి. నేను గుణించి పెట్టుకున్న లెక్క అప్పుడే పనికిరాకుండా పోయింది.

రెండో చిక్కు నాకు. వెలుగు పెట్టేముందు అందరికీ ఆకుపచ్చ అద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకున్నాక పెన్ను కొన మీద ఏమీ కనిపించలేదు. వెలుగుతోందో లేదో తెలియక అద్దాలు కొంచెం పైకి జరిపాను. డాక్టరు గట్టిగా కసిరాడు. తర్వాత తనే నెమ్మదించి, పనిచేసే వెలుగు అద్దాలు తీసినా కంటికి కనిపించదని, కనిపించే ఎర్ర చుక్క గురి చూసుకోవడానికేనని చెప్పాడు. అంటే అద్దాలు ఉంటే గురి కూడా కనిపించదు, లేకపోతే గురి తప్ప ఇంకేమీ కనిపించదు. నేను కమ్మలు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను.

వెలుగు పెట్టాక కాసేపు ఆగారు. పళ్ల డాక్టరు చిగురును సన్నటి పరికరంతో తట్టి చూశాడు. అక్క కనుబొమలు కదలలేదు. నొప్పైతే చేయి పైకెత్తమని ఆయన చెప్పాడు. అక్క తలూపింది. నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. అక్క తన చేయి నా అరచేతిలో పెట్టింది. ఆ చేయి లేచినా బిగుసుకున్నా వెంటనే చెప్పడం నా పని. గదిలో నాకు అప్పజెప్పిన పని అదొక్కటే.

పట్టుకారు నోట్లోకి వెళ్లాక అక్క వేళ్లు నా అరచేతిలో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాయి. రెండు మూడు దెబ్బలకే పోల్చుకున్నాను. అది పంజా దరువు. పేకను దిగగొట్టే దరువు, ఒకే ఎడంతో, ఒకే బరువుతో. దానికి నా నోరు ఎప్పుడు కలిసిందో నాకే తెలియదు. మగ్గం మీద అప్పుడున్న డిజైన్ నాకు నోటికొచ్చు. మూడు నీలం, ఒకటి తెలుపు, ఐదు ఎరుపు అని గొణగడం మొదలుపెట్టాను. పళ్ల డాక్టరు మాస్కు మీది నుంచి ఒకసారి నా వైపు చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. ఒక వరస అయిపోయి రెండో వరసలోకి వచ్చాను. దరువు తప్పలేదు.

మధ్యలో ఆయన ఆగి, "చెయ్యెట్లుంది?" అని అడిగాడు.

"నడుస్తాంది సార్. మంచిగనే ఉంది, కానీయండి," అన్నాను.

ఆయన కానిచ్చాడు. పన్ను వచ్చేసింది. పళ్లెంలో టక్కుమంది. దూది కరిచి పట్టమన్నాక గానీ అక్క వేళ్లు ఆగలేదు. కళ్ల చివర తడి ఉంది. వెలుతురు ఎదురుగా ఉండటం వల్ల వచ్చిందేమో అనుకున్నాను. లేజర్ డాక్టరు తృప్తిగా తలూపాడు. ఆటోలో వచ్చేటప్పుడు అక్క దూది కరిచి మూగగా కూర్చుంది. నేను మాత్రం దారంతా గెలిచినవాడిలా ఉన్నాను.

మరునాడు పొద్దున వెళ్లేసరికి అక్క మగ్గం ముందు ఉంది. వద్దన్నా వినలేదని తోడికోడలు నాతో మొరపెట్టుకుంది. వెనక కూర్చుని కాగితం విప్పాను, కానీ చదవలేదు.

"అక్కా, నిన్న నొప్పి పుట్టిందా?"

"పుట్టినట్టే ఉండె."

"మరి చెయ్యెందుకు ఆపలే?"

"చెయ్యెందుకు ఆపాలె?" అంది నా వైపు తిరిగి.

తప్పయితే ఆపుతావు కదా అన్నాను.

"పోగు తెగితే ఆపుతం. నొప్పైతే ఆపుతమారా? నడుం నొప్పి, మెడ నొప్పి, అన్నిటితోనే గదా నేసేది. నొప్పైనప్పుడల్లా ఆపుకుంట కూసుంటే నీ జంపఖానా ఎన్నడు దిగాలె?"

తోడికోడలు పంజా ఒళ్లో పెట్టుకుని నవ్వింది. "అన్నకు పోగులే కనపడతయి గని, నడుములు కనపడయి అక్కా," అంది.

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. మంచిగనే ఉంది, కానీయండి అన్నది నేను. నా మాట మీద డాక్టరు ముందుకు పోయాడు. ఆ దరువును నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అది నడుస్తోందంటే పోగులు బాగున్నాయని అర్థం. నేసే మనిషి బాగుందని అందులో ఎక్కడా లేదు. ఇన్నేళ్లుగా ఆ రెంటినీ ఒకటే అనుకుంటూ వచ్చాను.

చేయి ఎత్తమన్నాడు కదా, ఎందుకు ఎత్తలేదని అడిగాను. యాదికి రాలేదంది. అసలు నొప్పి ఎట్లా ఉండిందని మళ్లీ అడిగాను. అక్క ఆలోచించింది. నా మీద కోపంతో కాదు, నిజంగానే వెతుక్కుంటూ ఆలోచించింది.

"గోడవతల ఎవలో దంచుతాన్నట్టుండె. సప్పుడు నాకే వస్తాంది. రోకలి దెబ్బ నా మీద పడ్తలేదు. గట్ల."

"గా లైటుతోనేనా?"

"నాకేమెరుక."

ఆ గోడ ఎవరు కట్టారన్నదే నా ప్రశ్న. వెలుగు కట్టిందా? సగం చోట్ల పడనే లేదు కదా. పన్ను ముందే వదులైంది, అసలు అంత నొప్పే ఉండేది కాదేమో. సూది లేదన్న ధైర్యం కట్టిందేమో. దరువు కట్టిందా, నా చదువు కట్టిందా? జంపఖానాలో ఎక్కడైనా రంగు తేడా వస్తే నాకు ఒక పద్ధతి ఉంది. అన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి జానెడు నేయించి చూస్తాను. దోషం ఎక్కడుందో తెలిసిపోతుంది. పీకిన పన్నును మళ్లీ పెట్టి పీకించలేం. ఒక్క పన్ను, ఒక్కసారి, అన్నీ కలిసి ఉన్నప్పుడు. ఇందులోంచి ఏ దారాన్ని లాగి చూడను?

లేజర్ డాక్టరు ఫోన్ చేసి, అసలే లేకపోతే సున్నా, భరించలేకపోతే పది, మీ అక్క నొప్పి ఎంత ఉండిందంటారు అని అడిగాడు. అక్కను అడిగితే, లెక్కలన్నీ నీవే గదా, నువ్వే చెప్పు అంది. ఈ లెక్కల పనిలో పడ్డాక అంకె అడిగితే చెప్పలేకపోవడం అదే మొదటిసారి. చేయి నడుస్తోందని, మంచిగనే ఉందని మొన్న గదిలో నేనన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగాడు. మగ్గం సంగతి వివరించడానికి చూశాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, ఇలాంటివి ఇంకా ఎన్ని నేను సున్నా అనుకున్నానో అన్నాడు. నాకు చెప్పినట్టు లేదు ఆ మాట.

పుండు మానింది. చెంప మళ్లీ వాచలేదు. చీము ఎముకలోకి పోలేదని పళ్ల డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి చెప్పాడు. అన్నం రెండు పక్కలా నములుతోంది. అయితే పక్క పన్ను కూడా తీయాల్సిందేనన్నాడు. ఇది మొదటిదానంత వదులుగా లేదు, కొంచెం లాగాల్సి వస్తుందట. సూది తీసుకుంటే మంచిదని ఆయనా, నేనూ మళ్లీ చెప్పి చూశాం. అక్క మళ్లీ వద్దంది. వెలుగే పెట్టమంది.

ఈసారైనా తేల్చుకుందామన్న ఆశతో, నేను చదవకుండా ఉంటానన్నాను. వెలుగు ఒక్కదానితోనే ఎట్లా ఉంటుందో చూద్దామని.

"నా నోరేమన్న నీ గళ్ల కాయితమారా?" అంది అక్క. "లైటు పెట్టని, నువ్వు సదువు. పన్నెల్లాలె నాకు, అంతే."

ఆమె చెప్పింది న్యాయంగానే ఉంది. కానీ నొప్పి అయితే మాకు తెలియాలి కదా. ఈ పన్ను గట్టిది, నా మాట మీద ఇంకోసారి ఎవరూ ముందుకు పోకూడదు. చేయి ఎత్తడం యాదికి రాదు కాబట్టి, నొప్పైతే చేయి ఆపాలని ఒప్పందం చేసుకున్నాం. మగ్గం మీద అలవాటు చేద్దామన్నాను. నేను చదువుతూ ఉంటాను, ఎప్పుడో ఒకప్పుడు వెనక నుంచి భుజం మీద గిల్లుతాను, వెంటనే పంజా ఆగాలి. అక్క ఒప్పుకుంది. తోడికోడలు మాకిద్దరికీ పిచ్చి పట్టిందంది.

చదవడం మొదలుపెట్టాను. రెండు పంజాలు కలిసి పడుతున్నాయి. వరస సగంలో ఉండగా అక్క భుజం మీద గట్టిగానే గిల్లాను. అది చూసి తోడికోడలు చేయి ఆగింది. అక్క పంజా ఒక్కటే పడుతోంది. ఇంకొంచెం గట్టిగా గిల్లాను. పడుతూనే ఉంది.

చదవడం ఆపేశాను. అప్పుడు ఆగింది ఆమె చేయి.

"ఏమైందిరా, ఎందుకాపినవు?" అంది వెనక్కి తిరగకుండానే. "సదువు."